ఈఆర్‌సీపీ చేశాక కూడా పిత్తనాళంలో రాయి మిగిలింది, లేజర్ చేయించినవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారం. మా అమ్మకు 64 ఏళ్లు, షుగర్ ఉంది. కామెర్లు, చలిజ్వరం వస్తే ఆసుపత్రిలో చేర్చాం. ఎంఆర్‌సీపీ స్కాన్‌లో పిత్తనాళంలో రాళ్లు కనిపించాయి. ఈఆర్‌సీపీ (నోట్లోంచి ఎండోస్కోప్ గొట్టం పంపి పిత్తనాళంలో చేసే చికిత్స) చేసి చిన్నవి తీసేశారు. పెద్దది 18 మి.మీ. ఉందట, రాళ్లను పట్టి లాగే బాస్కెట్‌కి (చిన్న వల లాంటిది) చిక్కలేదు. పసరు కిందికి దిగేలా నాళంలో ప్లాస్టిక్ స్టెంట్ (సన్నటి గొట్టం) వేసి పంపారు. కామెర్లు తగ్గాయి, అన్నం బాగానే తింటోంది.

సమస్య ఇప్పుడే మొదలైంది. స్టెంట్‌ని మూడు నెలల్లోపు తీయాలి లేదా మార్చాలి, లేకపోతే పూడుకుపోయి మళ్లీ ఇన్ఫెక్షన్ వస్తుందన్నారు. ఒక డాక్టర్ రెండోసారి ఈఆర్‌సీపీ చేసి, సన్నటి కెమెరా నాళంలోకి పంపి, లేజర్‌తో రాయిని పగలగొడదామంటున్నారు. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ ఆ తర్వాతట. ఇంకో సర్జన్ మాత్రం లాప్రోస్కోపీలో రాయి, గాల్‌బ్లాడర్ రెండూ ఒకేసారి తీసేస్తామంటున్నారు. షుగర్ ఉన్న మనిషికి ఏది మేలు?

లేజర్ చేయించినవాళ్లు ఉంటే, ఒక్కసారికే నాళం ఖాళీ అయిందా? ఖర్చు ఎంతైంది? ఆరోగ్యశ్రీలో వచ్చిందా?

అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలతో ఇంత పెద్ద రాయి కరగడం ఎవరైనా చూశారా? మాకైతే డాక్టర్ రాయలేదు. నిమ్మరసం, ఆలివ్ నూనె తాగించమని బంధువులు ఒకటే పోరు. దయచేసి అలాంటివి చెప్పకండి, అమ్మ ఇప్పటికే టెన్షన్‌లో ఉంది.