పైపులైను కందకంలో బయటపడిన కాళ్ళ తొట్టె: ముందుగా ఎవరికి తెలపాలి?

నేను చెన్నైలో ఉంటూ, తిరువళ్ళూరు జిల్లాలోని ఒక పల్లెకు తాగునీటి పైపులైను వేసే పనిని పర్యవేక్షిస్తున్నాను. నిన్న నాలుగున్నర అడుగుల లోతున జేసీబీ పళ్ళు తగిలి ఒక పెద్ద మట్టితొట్టె అంచు పెచ్చు ఊడింది. తొట్టె అడుగున పొట్టి కాళ్ళు, పక్కనే లోపల నలుపూ బయట ఎరుపూ ఉన్న గిన్నె పెంకులు, మట్టిలో కలిసిపోయిన ఎముక ముక్కలు కనిపించాయి. 19వ శతాబ్దంలో చెన్నై శివారులోని పల్లావరంలో ఇలాంటి కాళ్ళున్న ప్రాచీన మట్టి శవపేటికలే దొరికాయని చదివి ఉన్నందున వెంటనే పని ఆపించాను. కాంట్రాక్టరు మాత్రం "కుండపెంకులకు ఇంత హడావుడి ఎందుకండీ, పూడ్చేద్దాం" అంటున్నారు. బంగారం దొరికి ఉంటే ఆ మాట అనేవారు కాదేమో.

1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం (భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువు) దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. వెల కట్టలేని ఈ పెంకులకూ అదే పద్ధతి పాటించాలా, లేక నేరుగా ఎగ్మోర్‌లోని రాష్ట్ర పురావస్తు శాఖ కార్యాలయానికి వెళ్ళడం మేలా? వారు వచ్చేలోగా వాన పడితే కందకం నిండిపోతుంది కనుక, పొడి ఇసుక పోసి పైన టార్పాలిన్ కప్పితే ఎముకలకు హాని కలుగుతుందా? ఇలాంటి చోట పైపును పక్కకు మళ్ళించిన అనుభవం ఉన్నవారు, మారిన అంచనాకు ఎవరి అనుమతి తీసుకున్నారో దయచేసి తెలపగలరు.