కీమోకు ముందు అండాలు దాచే మాట ఆడపడుచుకు చెప్పాలా, వద్దా?

రాయగడ నుంచి ఒక వదిన:
మా ఆడపడుచుకు 26 ఏళ్లు, పెళ్లి కాలేదు. రొమ్ము క్యాన్సర్‌కు విశాఖపట్నంలో ఆపరేషన్ అయి తొమ్మిది రోజులైంది. మరో మూడు వారాల్లో కీమో మొదలవుతుంది. ఆ మందుల్లో సైక్లోఫాస్ఫమైడ్ ఉన్నందున అండాశయాలు దెబ్బతినవచ్చనీ, కావాలంటే ముందే అండాలు తీయించి భద్రపరచుకోవచ్చనీ, ఏ సంగతీ రెండు రోజుల్లో తేల్చాలనీ డాక్టరుగారు మా వారితోనూ అత్తగారితోనూ అన్నారు. అమ్మాయి అప్పుడు బయట బల్ల మీద కూర్చుని ఉంది. "ఈ మాట దాని చెవిన వేయకండి" అని అత్తగారు ఆటోలోనే మా చేత ఒట్టు వేయించుకున్నారు. దాచడం తప్పని నాకు తోస్తోంది. మీరేమంటారు?

గుణుపురం నుంచి విశ్రాంత ఉపాధ్యాయుడు:
అమ్మా, మీ అత్తగారి భయాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. ప్రాణం నిలబడ్డాకే పిల్లల మాట. రెండు వారాల ఇంజెక్షన్లు, లక్షకు పైబడిన ఖర్చు, ఆపై ఏటా కట్టవలసిన సొమ్ము. ఇంత చేసినా బిడ్డ పుడుతుందన్న హామీ లేదు. ఆయుష్మాన్ కార్డు సంతాన చికిత్సలకు వర్తించదు. పైగా పెళ్లికాని పిల్లకు లోపలి నుంచి చేసే పరీక్షలంటే మన వైపు తల్లులు ఎంత జంకుతారో, సంగతి నాలుగు నోళ్లలో పడితే సంబంధాలు ఏమవుతాయో మీకు తెలియనిది కాదు.

బరంపురం నుంచి ఒక నర్సు:
మాస్టారూ, ఖర్చు గురించి మీరన్నది నిజమే. కాలం విషయం మాత్రం వేరు. ఆపరేషన్ గాయం మానడానికి ఎలాగూ కొన్ని వారాలు ఆగుతారు. అండాలు పెంచి తీయడానికి పది నుంచి పద్నాలుగు రోజులు చాలు, నెలసరి కోసం ఎదురుచూడకుండా ఏ రోజైనా మొదలుపెట్టవచ్చు. హార్మోనుతో పెరిగే రకం క్యాన్సరైతే ఈస్ట్రోజన్ అనే ఆ హార్మోను పెరగకుండా లెట్రోజోల్ అనే మందు కలిపి ఇస్తారు. స్కానింగు పొట్ట మీది నుంచి చేయమని అడగవచ్చు. తీసేటప్పుడు మత్తిస్తారు, అయితే అండాలను సాధారణంగా కింది నుంచే తీస్తారు, ఆ మాట దాచకుండా చెప్పాలి. సంతాన సాయ చికిత్సల మీద వచ్చిన 2021 నాటి చట్టం ప్రకారం 21 నిండిన స్త్రీకి దీనికోసం పెళ్లి అయి ఉండనక్కర లేదు. లుకేమియా అనే రక్త క్యాన్సర్ వంటి జబ్బుల్లో ఇంత వ్యవధి తరచుగా దొరకదు. మీ అమ్మాయికి దొరికింది.

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు:
నాకు 24వ ఏట లింఫోమా అనే క్యాన్సర్ వచ్చింది. ఏ ఆసుపత్రో చెప్పను. డాక్టరు మాటలు ఒడియాలో, కాగితం ఇంగ్లీషులో, సంతకం మా నాన్నగారిది. నేను పక్కనే ఉండి ఆయన పెన్ను మూత తీసి ఇచ్చాను. ఆరేళ్ల తర్వాత నెలసరి ఆగిపోయి పరీక్షలకు వెళ్ళినప్పుడు, అండాలు దాచుకునే వీలు ఉండేదని ఇంటికొచ్చి అమ్మతో అన్నాను. బియ్యం ఏరుతున్న చేయి ఆపకుండానే, "అప్పుడే చెప్పారమ్మా, నువ్వు బెంగపడతావని మేమే వద్దన్నాం" అంది. అమ్మ మీద కోపం కన్నా నాకు ఎక్కువ వింతగా తోచినదేమిటంటే, అప్పటి మా పరిస్థితిలో నన్ను అడిగి ఉంటే నేనూ వద్దనే చెప్పి ఉండేదాన్ని. పొలం అమ్మి మందులకు కట్టిన రోజులవి. అయినా నేను అన్న "వద్దు" వేరు, నా బదులు వాళ్లు అన్న "వద్దు" వేరు. ఇప్పటికీ అమ్మతో పిల్లల మాట వస్తే ఇద్దరిలో ఒకరం లేచి వంటింట్లోకి వెళ్తాం.

గుణుపురం నుంచి విశ్రాంత ఉపాధ్యాయుడు:
తల్లీ, మీ మాట చదివి చాలాసేపు ఊరుకున్నాను. అప్పు చేసి ఈ పని చేయించకూడదన్న నా అభిప్రాయం మారలేదు. అయితే అది ఆ అమ్మాయికే చెప్పవలసిన మాట, ఆమె వెనక అనుకోవలసింది కాదు.

రాయగడ నుంచి ఒక వదిన:
నిన్న రాత్రి ఒట్టు తప్పాను. అత్తగారు నాతో మాట్లాడటం లేదు. అమ్మాయి ఏడవలేదు, స్కానింగు కవరు వెనక మూడు ప్రశ్నలు రాసుకుంది. ఇంజెక్షన్ల వల్ల జబ్బు తిరగబెడుతుందా, కీమో తేదీ ఒక్క రోజైనా జరుగుతుందా, తీసిన అండాలు పాడైతే చెబుతారా. నాలుగోది రాసి కొట్టేసింది, పార్వతీపురం సంబంధం వాళ్లకు చెప్పాలా అని. రేపు విశాఖ బండికి ఆమె పక్కన నేను కూర్చుంటున్నాను.