సంక్రాంతికి అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లాలా, ఈసారికి మానుకోవాలా?

హైదరాబాద్ నుంచి కోనసీమకి, నలుగురం. 2021 భోగి జనవరి 13న. తాతయ్యకి 83, ఆయాసం, ఇన్‌హేలర్ మీదున్నారు. అమ్మమ్మకి 78, షుగర్. కరోనా రోజులు, టీకా ఇంకా రాలేదు.

వేసుకున్న లెక్క: 3వ తేదీ నుంచి గడప దాటకుండా ఉండి, 10న ఆర్టీపీసీఆర్ (కరోనా పరీక్ష), నెగెటివ్ వస్తే 12 తెల్లవారుజామున సొంత కారు. రాత్రంతా అద్దాలు మూసుండే ఏసీ బస్సు వద్దే వద్దు. వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి సుమారు 5 రోజులు, ఒక్కోసారి 14 దాకా పడుతుంది. సోకిన మొదటి రెండు మూడు రోజుల్లో చేయిస్తే నెగెటివ్ వచ్చినా నమ్మలేం. పైగా లక్షణాలకి రెండు రోజుల ముందే ఎదుటివాళ్లకి అంటుతుంది. మరి ఏడు రోజులు చాలా, పద్నాలుగూ ఉండాలా? పనమ్మాయి రోజూ వచ్చిపోతుంటే ఆ లెక్క మళ్లీ మొదటికేనా?

అమ్మమ్మ వాళ్లది మండువా లోగిలి, గాలికి లోటు లేదు. భోజనాలు మండువాలో, దూరం దూరంగా. పడకే చిక్కు: జనవరి మంచులో అరుగు మీద పిల్లలు పడుకోలేరు, గదిలో అయితే తలుపులు బిగించాల్సిందే. భోగిమంట పొగ తాతయ్యకి ఎలాగూ పడదు. భోగిపళ్ల పేరంటం మానేద్దామంటే అమ్మమ్మ ఒప్పుకోవడం లేదు. పెరట్లో, ఇంటివాళ్లతోనే చేస్తే ఫర్వాలేదా?

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ కొన్నాం. చల్లటి వేళ్లకి, గోళ్ల రంగుకి తప్పు చూపిస్తుందని తెలుసు. మామూలువాళ్లకి 94 కన్నా తగ్గితే ఆసుపత్రి అంటారు. ఆయాసం ఉన్నవాళ్లకి ఏ అంకె దగ్గర కంగారుపడాలి?