సక్రమంగా అద్దె కడుతున్నవారికి ఏటా అద్దె పెంచడం సబబేనా?

కొత్త యజమాని:
ఒక ఫ్లాట్ కొని అద్దెకిచ్చాను. అందులో ఉంటున్న కుటుంబం ప్రతినెలా మొదటి వారంలోనే అద్దె చెల్లిస్తుంది, ఇంటిని శుభ్రంగా ఉంచుకుంటుంది, ఇరుగుపొరుగు నుంచి వారిపై ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. ఒప్పందం గడువు త్వరలో ముగుస్తోంది. చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లకు ఇంతకంటే ఎక్కువ అద్దె వస్తోంది. 5 శాతం పెంచమని కొందరు, మంచివారిని కదిలించవద్దని కొందరు చెబుతున్నారు. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరని కోరుతున్నాను.

పాతకాపు:
కదిలించవద్దు. నెల అద్దె 100 అనుకోండి. 5 శాతం పెంచితే ఏడాదికి అదనంగా వచ్చేది 60. వారు ఖాళీ చేసి ఇల్లు ఒక్క నెల తాళం వేసి ఉంటే 100 పోతుంది, రంగులకూ చిల్లర మరమ్మతులకూ మధ్యవర్తికీ కలిపి మరో 100 అవుతుంది. అలా పెంచిన నలుగురిలో ముగ్గురు ఉండిపోయి ఒక్కరు వెళ్లిపోయినా, 180 వచ్చి 200 పోయినట్లే. నేను ఏళ్ల తరబడి పెంచకుండానే ఇళ్లు నడుపుతున్నాను. మా వాళ్లెవరూ మరమ్మతులంటూ నన్ను ఇబ్బంది పెట్టరు.

లెక్కల పుస్తకం:
పాతకాపు గారి లెక్కలో ఒక భాగం తప్పిపోయింది. కొత్తగా వచ్చేవారు 100 కాదు, 105 చెల్లిస్తారు. మిగిలిన 11 నెలలకు 1155 వస్తుంది కాబట్టి అద్దెలో తగ్గేది 45 మాత్రమే, ఖర్చుతో కలిపి 145. ముగ్గురి నుంచి వచ్చిన 180లో అది పోగా ఇంకా 35 మిగులుతుంది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. బయట అద్దెలు ఏటా 5 శాతం చొప్పున పెరుగుతుంటే, ఐదేళ్లలో 100 ఉన్నది 127 దాటుతుంది. మీరు 100 దగ్గరే ఆగిపోయి, ఆ తరువాత అవసరం వచ్చి ఒక్కసారిగా 27 పెంచమంటే ఎంత మంచి అద్దెదారైనా సామాను సర్దుకుంటాడు. పన్నులు, బీమా, భవన నిర్వహణ రుసుము ఎక్కడా ఆగవు కదా.

తాళంచెవి:
ఇల్లు ఒక నెల కాక రెండు నెలలు ఖాళీగా ఉంటే?

పాతకాపు:
సరైన ప్రశ్న. అప్పుడు పది నెలలకు 1050 వస్తుంది. తగ్గిన 150కి ఖర్చు 100 కలిపితే 250. ముగ్గురి 180 దానికి చాలదు, 70 చేతినుంచి పడుతుంది. లెక్కల పుస్తకం గారు కొత్తవారు వెంటనే దొరుకుతారన్న నమ్మకం మీద ఇంత వాదన నిలబెట్టారు.

లెక్కల పుస్తకం:
నలుగురిలో ఒకరు వెళ్లిపోతారన్నదీ మీ ఊహే. ఇల్లు మారడానికి అద్దెదారుకూ ఖర్చవుతుంది: అడ్వాన్సు, సామాను రవాణా, పిల్లల బడి. బయట కూడా అదే అద్దె ఉన్నప్పుడు 5 శాతానికి ఎవరూ కదలరు.

మూడో అంతస్తు:
నేను అద్దెకుండేవాణ్ణి. పాతకాపు గారు “ఇబ్బంది పెట్టరు” అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా పాత ఇంటి యజమాని కూడా అద్దె పెంచేవారు కాదు. స్నానాల గదిలో నీరు పోయే జాలీ చుట్టూ సిమెంటు ఊడిపోయి, చెమ్మ పక్కనున్న పడకగది గోడలోకి దిగింది. ముందు రంగు పొక్కింది, తరువాత పెచ్చులు రాలాయి, చివరకు బీరువా వెనుక గోడంతా నల్లటి బూజు పట్టి బట్టలకు కూడా ఆ వాసన అంటుకుంది. చెబితే అద్దె పెంచుతారన్న భయంతో నోరు మెదపలేదు. ఖాళీ చేసిన రోజున ఆ గోడ ఖర్చంతా మా అడ్వాన్సులో కోసుకున్నారు.

పాతకాపు:
ఆ యజమాని చేసింది అన్యాయం. వాడకంలో సహజంగా అరిగినదానికీ, కట్టడంలోని లోపానికీ అద్దెదారు నుంచి డబ్బు కోయకూడదు. అయితే ఆయన తప్పును నా మెడకు చుట్టకండి. మా ఇళ్లలో ఎవరైనా చెబితే మనిషిని పంపిస్తాను.

మూడో అంతస్తు:
చెబితే కదా, అయ్యా. తక్కువ అద్దెకు ఉన్నవారు ఎందుకు చెబుతారు?

లెక్కల పుస్తకం:
నేను చెప్పదలచినదీ ఇదే. మొదట్లో జాలీ చుట్టూ సందులు పూడిస్తే సరిపోయేదానికి, ఆలస్యమైతే గచ్చంతా తవ్వి నీరు దిగకుండా మళ్లీ పూత వేయించాల్సి వస్తుంది. పెంచని అద్దెను ఆదా అనుకుంటున్నవారు ఈ ఖర్చును ఏ పద్దులో రాసుకుంటున్నారు?

పాతకాపు:
మీకు గోడ మీద అక్కరేమీ లేదు. గతంలోనూ చూశాను, ప్రతి చర్చలోనూ పెంచండి, పెంచండి అంటారు. మీ బ్యాంకు వాయిదా తీరడమే మీకు కావలసింది.

లెక్కల పుస్తకం:
అవును, కావాలి. వాయిదా అద్దెకంటే ఎక్కువ, తేడాను ప్రతినెలా జీతంలోంచి కడుతున్నాను. మీ ఇళ్ల మీద అప్పు లేదని మీరే ఒకసారి రాశారు. ఓపిక పట్టగల స్థోమత ఉన్నవారు, అది లేనివారికి ఓపిక పట్టమని చెప్పడం ఎలా న్యాయమవుతుంది?

మూడో అంతస్తు:
వడ్డీ పెరిగినంత మాత్రాన నేనుంటున్న ఇల్లు మెరుగుపడదు. అలాంటి ఇంటికి బయట ఎంత ఇస్తారో అంతే నేను ఇవ్వగలను, మీ అప్పు ఎంతన్నది నాకు లెక్క కాదు.

లెక్కల పుస్తకం:
అంగీకరిస్తాను. అంతకంటే ఎక్కువ అడగడం లేదు, తక్కువకు ఇవ్వలేనంటున్నాను.

కొత్త యజమాని:
ముందే చెప్పవలసింది. నాదీ అప్పు మీద కొన్నదే, వడ్డీ రేటు మారుతూ ఉంటుంది. ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంటే వాయిదా కట్టడం కష్టం.

పాతకాపు:
అయితే మీరే అందరికంటే కదిలించకూడనివారు.

లెక్కల పుస్తకం:
అయితే మీరే ఏటా తప్పక కొద్దికొద్దిగా పెంచవలసినవారు. కనీసం మూడు నెలల వాయిదాలకు సరిపడా సొమ్ము విడిగా పెట్టి, ఆ తరువాత వారితో మాట్లాడండి. పెంపు శాతాన్ని ఒప్పందంలోనే రాసి రెండేళ్లకు కుదుర్చుకుంటే ఎవరికీ ఆశ్చర్యం ఉండదు.

మూడో అంతస్తు:
మాట్లాడే ముందు ఇల్లంతా ఒకసారి చూసి, చేయవలసిన పనులు చేయించండి. గడువుకు రెండు నెలల ముందే చెబితే వారికీ ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

పాతకాపు:
రెండేళ్ల ఒప్పందానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఒక్క నెల నోటీసుతో వారు ఖాళీ చేయవచ్చని అందులోనే రాసి ఉంటే, ఆ రెండేళ్లూ కట్టుబడి ఉండేది మీరొక్కరే. సంతకానికి ముందు ఆ షరతు చదవండి.