ఫైబర్ బోటు నుంచి మరబోటుకి మారొచ్చా?

విశాఖలో మాది ఇంజిన్ పెట్టిన ఫైబర్ బోటు, నలుగురం తెల్లారకముందే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొస్తాం. ఐస్ గది ఉండి, రోజుల తరబడి వేటకెళ్లే పెద్ద చెక్క మరబోటు, పాతది, అమ్మకానికొచ్చింది. కొనొచ్చా అన్నా?

— ఒడ్డెక్కించి అడుగు చెక్క చూడు తమ్ముడూ, రంగు చూసి మోసపోకు. నేనలా కొని మొదటి ఏడాదంతా పలకలు మార్పించడమే సరిపోయింది.

— చెక్క సరే, ఖర్చో? డీజిల్, ఐస్, కళాసీలకు రోజుల తరబడి తిండి, చేప పడినా పడకపోయినా తప్పవు. పైగా మరబోటుతో తీరానికి 8 కిలోమీటర్ల లోపల వేట కుదరదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం, అప్పుడు వాయిదాలెలా కడతావ్?

— నిషేధం ఫైబర్ బోటుకీ ఉందిగా! మంచి సరంగు, అదే బోటు నడిపేవాడు, దొరికాడా, అది చెప్పు ముందు.

— మా మావయ్య వస్తానన్నాడన్నా. రేపు అడుగు చెక్క చూసొస్తా.