‘ఆర్థిక ఆస్తి’కి మన మాట ఏది?

శ్రీకాకుళం, డిగ్రీ లెక్చరర్:
పిల్లలకి ఎకనామిక్స్ నోట్స్‌లో ‘సంపన్న కుటుంబాల్లో ఆర్థిక ఆస్తుల కేంద్రీకరణ’ అని రాశాను. సగం మంది “భూములన్నీ కామందుల దగ్గరే ఉన్నాయనా మేడమ్?” అన్నారు. నేను చెబుతున్నది షేర్లు, డిపాజిట్లు, బాండ్ల సంగతి. ఏ మాట వాడమంటారు?

విజయనగరం, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
పిల్లల్ని ఏమీ అనకండి మేడమ్ గారూ. మన వైపు ఆస్తి అంటే పొలం, ఇల్లు. ‘ఆస్తి పంపకాలయ్యాయా?’ అని అడిగితే ఫిక్స్‌డ్ డిపాజిట్ల ఊసెత్తేవారెవరు? లెక్కలూ అలాగే ఉన్నాయి. 2018 జూన్ 30 నాటి ఆస్తులపై జాతీయ గణాంక కార్యాలయం చేసిన సర్వేలో పల్లె కుటుంబాల ఆస్తి విలువలో 69 శాతం భూమి, 22 శాతం కట్టడాలు. డిపాజిట్లు 5 శాతమే. పట్నాల్లో చూసినా 9.

పలాస:
చరాస్తి అంటే సరిపోదా మాస్టారూ? ఎన్నికల అఫిడవిట్లలో అదేగా రాస్తారు.

విజయనగరం:
సరిపోదు బాబూ. అందులో నగలు, కార్లు కూడా కలిసిపోతాయి. డిపాజిట్ అంటే బ్యాంకు మనకు పడ్డ బాకీ, బాండు అంటే ప్రభుత్వమో కంపెనీయో పడ్డ బాకీ, షేరు అంటే కంపెనీలో వాటా. అవతల ఒకరు ఉంటేనే వీటికి విలువ. బీరువాలో బంగారం ఎవరి బాకీ?

పలాస:
అయితే ‘కాగితం ఆస్తి’ అందాం.

సాలూరు:
పట్టాదారు పాసుపుస్తకం అనుకుంటారు! ‘ఫైనాన్స్ ఆస్తి’ అన్నారో, కిస్తీ కట్టలేదని బండి లాక్కుపోయేవాళ్లు గుర్తొస్తారు.

బొబ్బిలి:
నా పేచీ ‘కుటుంబం’తో. సర్వే వాళ్లకి కుటుంబమంటే ఒకచోట ఉంటూ ఒకే వంట తినేవాళ్లు. మనం వేరు కుంపటి పెట్టారంటామే, అక్కడితో లెక్కలో కొత్త కుటుంబం. పొలం తండ్రి పేరునే ఉండి కొడుకులిద్దరూ వేరుపడితే, ఆస్తి ఉన్న కుటుంబం ఒకటి, లేనివి రెండు. సెంటు భూమి చేతులు మారకుండానే కేంద్రీకరణ పెరిగినట్టు కనిపిస్తుంది.

విజయనగరం:
బాగా పట్టారు. రెండో చిక్కు ఇంకా పెద్దది. బాగా డబ్బున్నవాళ్లు సర్వేకి దొరకరు, దొరికినా అంతా చెప్పరు. అందుకే అమెరికా కేంద్ర బ్యాంకు మూడేళ్లకోసారి చేసే సర్వేలో పన్ను రికార్డుల ఆధారంగా సంపన్నుల్ని కావాలనే ఎక్కువ మందిని ఎంచుకుంటారు. ఫోర్బ్స్ పత్రిక వేసే 400 మంది అపర కుబేరుల జాబితాలో వాళ్లని మాత్రం వదిలేస్తారు. అక్కడ షేర్లు, మ్యూచువల్ ఫండ్లలో 90 శాతం దాకా పై పదో వంతు, అంటే ప్రతి పదింటిలో అందరికన్నా ఆస్తి ఎక్కువున్న ఒక వంతు, కుటుంబాలవే. మన సర్వేలో పై పదో వంతు చేతిలో ఉన్నది పల్లెల్లో 50.8 శాతం, పట్నాల్లో 55.7. అది భూమితో సహా అన్ని ఆస్తులకీ కలిపిన లెక్క. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మనం నయం అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

శ్రీకాకుళం:
సరే, ఇలా మారుస్తున్నాను: ‘డిపాజిట్లు, షేర్లు, బాండ్ల రూపంలో ఉన్న డబ్బు ఆస్తిలో ఎంత భాగం పై పదో వంతు ఇళ్లలో పోగుపడింది?’

బొబ్బిలి:
‘ఇళ్లు’ వద్దండీ. మళ్లీ మేడలనుకుంటారు.