అప్‌డేట్: చిన్న రేస్‌కోర్సుల్లో ట్రైనర్ గెలుపు శాతాన్ని నమ్మి పందెం కాయవచ్చా?

చిన్న రేస్‌కోర్సుల్లో గెలుపు శాతం ఎక్కువగా ఉన్న ట్రైనర్ల గుర్రాలపైనే పందెం కాస్తే లాభం ఉంటుందా అని ఇంతకుముందు అడిగాను. మీరు సూచించినట్లు ప్రతి గుర్రం పేరు పక్కన తుది ధరను (గెలిస్తే కాసిన సొమ్ముకు ఎన్ని రెట్లు వస్తుందో) కూడా రాసుకుంటూ వచ్చాక, నా ప్రశ్నలోనే పొరపాటు ఉందని అర్థమైంది.

నాలుగు పరుగుల్లో ఒకటి గెలిపించే ట్రైనర్ గుర్రానికి అసలుతో కలిపి 2.5 రెట్లే వస్తే, కాసిన ప్రతి 100కు సగటున 62.5 మాత్రమే తిరిగివస్తుంది. పదింట ఒకటే గెలిచినా 12 రెట్లు వచ్చేచోట అదే 100కు 120 వస్తుంది. పైగా 20 పరుగుల్లో 5 గెలుపులు చూసి 25 శాతమని నేను మురిసిపోయాను గానీ, అంత తక్కువ పరుగులను బట్టి చూస్తే అసలు సామర్థ్యం సుమారు 11 నుంచి 47 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది టోట్ పూల్, అంటే అందరి పందెం సొమ్మును ఒకచోట చేర్చి గెలిచినవారికి పంచే పద్ధతి; ఇందులో ఒక గుర్రంపై సొమ్ము పెరిగేకొద్దీ దాని ధర తగ్గుతుంది. పందెం సొమ్ము తక్కువగా పోగయ్యే ఒక రేసులో, గేట్లు తెరుచుకోబోతుండగా బోర్డుపై 6గా ఉన్న ధర 4కు పడిపోవడం కళ్లారా చూశాను. ఆ తగ్గుదలకు నా పందెం కూడా కొంత కారణమే. అందుకే ప్రస్తుతానికి డబ్బు పెట్టకుండా, విరామం తర్వాత తొలిసారి పరుగెత్తే గుర్రాలను మాత్రం విడిగా నమోదు చేస్తున్నాను.